రూతమ్మ సిస్టరు షరతులు

ఈ పొద్దున నర్సు ఇంటికి వచ్చి, స్పిరిట్ అద్దిన దూదితో నా చెయ్యి తుడిచింది. ఆ చల్లదనం ఆరేలోపే ఘాటు ముక్కుకు తగిలి రూతమ్మ సిస్టరు గుర్తొచ్చింది. ఆమె గురించి చెప్పాలంటే ముందు నా ఘనత చెప్పుకోవాలి. తిరుత్తణి బజారులో నాకంటే తక్కువ కూలికి మనిషిని కుదిర్చినవాడు ఆ రోజుల్లో లేడు. నలుగురి పనిని ఒక్కడి నెత్తిన పెట్టి, పైగా వాడి చేత నమస్కారం పెట్టించుకున్న మొనగాణ్ణి నేను. ఆ బేరానికి మెచ్చి మా సంఘం నాకు శాలువా కప్పింది. ఆ శాలువా కూడా మా బట్టల అంగడిదే. దాని మీద లాభం తీసుకున్నాను.

డెబ్బైల చివర్లో మా జవుళి వర్తకుల సంఘం ఆర్.కె.పేట దారిలో వరుసగా గదులు కట్టించింది. మగ్గం ముందు ఒళ్లు అరగదీసుకుని, చూసే దిక్కు లేని ముసలి నేతగాళ్లకు తలా ఒక గది. మంచం పట్టినవాళ్లకు గదికే వచ్చి ఒళ్లు తుడిచి, మందులిచ్చే మనుషులు కావాలి. ఆ ఏర్పాటు నాకు అప్పగించారు. సలహా కోసం రూతమ్మను పిలిచాను. తిరువళ్లూరులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. చేతిలో గొడుగు, నోట్లో తక్కువ మాటలు. పనివాళ్లు ముందు తన దగ్గర నేర్చుకోవాలంది. నాలుగు గదులకు ఒకరు చొప్పున పెట్టి, నెలజీతం ఇవ్వాలంది.

“గదికింత అని ఇస్తే చాలదా సిస్టరమ్మా? నేతగాళ్లకు చీరకింత అనే కదా ఇస్తా ఉండాము,” అన్నాను.

“గదికింత అంటే వాడు గదుల్నే లెక్కపెడతాడు నాయనా. మనిషిని చూడడు.”

“శానా చెప్తా ఉండారు. కొంచెం తగ్గండి.”

“ఇది వంకాయలంగడి కాదు గోవిందూ. ఈడ నేను తగ్గితే ఎవరి ఒంట్లోనో తగ్గుతాది.”

కాఫీ ఇప్పించి ఆమెను రైలెక్కించాను. గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీ పని పోయి ఊరికి తిరిగొచ్చిన దయాళన్‌ను వరుస మొత్తానికీ పెట్టాను, గదికింత అనే లెక్క మీద. పాపం, వాడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగెత్తేవాడు. నేను కట్టిన కూలికి పరుగెత్తక తప్పదు.

ఆ గదుల్లో ఒకదానిలో మునిరత్నం మామ ఉండేవాడు. ఏళ్ల తరబడి మా అంగడికి చీరలు నేసిన మనిషి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. వెళ్లినప్పుడల్లా గడప దగ్గరే నిలబడి, “మామా, బాగుండావా?” అని అడిగేవాణ్ణి. “బాగుండానబ్బా,” అనేవాడు. అంతటితో నా తనిఖీ అయిపోయేది. ఆ గదిలో ఎప్పుడు చూసినా ఊదుబత్తీలు ఎందుకు వెలుగుతున్నాయో అడగలేదు.

ఆ ఏడు వానలకు ముందు రూతమ్మ మా ఊళ్లోని చుట్టాలింటికి పోతూ, దారిలో మా అంగడికి వచ్చింది. నేను ఒక నేతగాడు తెచ్చిన చీరను తిరగేసి, వెనకవైపు తెగిన పోగు చూపించి ధర విరగ్గొడుతున్నాను. ఆమె అంతా చూసి, “పా, మీ ముసలోళ్లను చూసి వద్దాం,” అంది. సంతోషంగానే తీసుకుపోయాను. మామ గదిలోకి వెళ్లగానే గొడుగు మూలన పెట్టి, “భుజం పట్టు,” అంది. ఇద్దరం కలిసి ఆయనను పక్కకు తిప్పాం. నడుము కింద చర్మం లేదు. ఎముక దాకా గుంట పడి ఉంది. ఊదుబత్తీలు ఎందుకో అప్పుడు తెలిసింది.

“చీరను తిరగేసి చూడనిదే రూపాయి ఇయ్యవే! ఈ మనిషిని ఒక్కసారన్నా తిరగేసి చూసినావా?” అంది రూతమ్మ. గొంతు పెంచలేదు.

“మామా, నాకొక్క మాట చెప్పకూడదా?” అన్నాను.

ఆయన గోడవైపు తిరిగే జవాబిచ్చాడు. “చెప్తే రూము ఖాళీ చెయ్యమంటావేమోనని. ఆ పైన యాడికి పోయేదబ్బా?”

నేను బయటికొచ్చి దయాళన్ మీద విరుచుకుపడి, ఇప్పుడే పో అన్నాను. రూతమ్మ అడ్డుపడింది. “వాణ్ణి తరిమితే నీ తప్పు గూడా వాడి నెత్తినెక్కి పోతాది. వాడికి నేర్పించినోళ్లు ఎవురు? ఉండనీ.” ఆమె తిరువళ్లూరుకు పోకుండా చుట్టాలింట్లోనే ఆగిపోయి వాడికి నేర్పింది: పక్కలు మార్చడం, తడి లేకుండా చూడడం, పుండు కడగడం. నన్నూ వదల్లేదు. మామ భుజం పట్టే పని నాకే ఇచ్చింది. ఆమె పాత షరతులన్నీ నోరెత్తకుండా ఒప్పుకున్నాను. అప్పుడు కొత్తది ఒకటి పెట్టింది. తాను ముసలివాళ్ల గోడు వినేటప్పుడు పనివాడూ ఉండకూడదు, నేనూ ఉండకూడదు.

“నేనెందుకు వద్దు?” అన్నాను, రోషంగా.

“రూము ఇచ్చినోడి ఎదుట ఎవురైనా బాగుండామనే అంటారు.”

ఏమి చెప్పినా గది పోదని, ప్రతి మంచం దగ్గరా నా నోటితోనే చెప్పించింది. మామకూ చెప్పాను. ఆయన నా చెయ్యి తట్టాడు.

పుండు అంచులు మానుతూ వచ్చాయి కానీ మామ ఆ చలికాలం దాటలేదు. రూతమ్మ మోకాళ్లు మొరాయించేదాకా వస్తూనే ఉండి, తర్వాత తిరువళ్లూరులోనే పోయింది. అప్పటినుంచి నేను మంచాన ఉన్నవాళ్లను బాగున్నావా అని అడగను. దగ్గర కూర్చుని, నొప్పి ఎక్కడో చూపించమంటాను.

ఇక లెక్క. నా బేరంలో మిగిలిన డబ్బుతో సంఘం ఆ గదులకు సున్నం కొట్టించింది. పుండు లేకపోయినా మామ ఎన్నాళ్లో బతికేవాడు కాదని రూతమ్మే చెప్పింది. అందుకే ఆ చావును నా పద్దులో రాసుకోను. రాసుకుంటే అదీ ఒక గొప్ప చెప్పుకోవడమే. ఆ చివరి నెలల నొప్పి మాత్రం నేను చేసిన ఖర్చు. చెల్లించింది ఆయన.