బిరేకుల ఇస్తారి

లోకంలో ఉన్న చక్రాలన్నిటి మీదా ఇస్తారికి ఒకటే అనుమానం. తను అటు తిరగ్గానే అవి ఎటో దొర్లిపోదామని కాచుక్కూచున్నాయని. అందుకే ఎక్కడ చక్రం కనబడినా దాని కింద ఒక రాయి పెడతాడు. అది లారీదా, తోపుడుబండిదా, పసిపిల్ల నడకబండిదా అన్న పట్టింపు లేదు. గుండ్రంగా ఉందా, కింద రాయి పడ్డదే.

దీనికి కారణం లేకపోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన బాయిలో పనిచేశాడు. బాయంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. ఆ వైపు జనమంతా అట్లాగే అంటారు. లోపల వాలు మీద, తాడుకు కట్టిన ఇనుప టబ్బులు బొగ్గు నింపుకుని పైకి వెళ్తుంటాయి. ఆగిన టబ్బు మళ్లీ కిందికి జారకుండా చక్రాలకు అడ్డం వేయడం ఇస్తారి డ్యూటీ. రిటైరైన రోజున శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి ఇంటికి పంపారు గాని, ఆ డ్యూటీని మాత్రం వెనక్కి తీసుకోవడం మరిచిపోయారు.

ఆయన భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడుతుంటుంది. అందులో గోదావరి ఒడ్డున ఏరుకొచ్చిన నున్నటి రాళ్లు, రేగుపండంత దాని నుంచి బత్తాయంత దాని దాకా. ఓసారి చెన్నూరు బస్సు డ్రైవరు బండి ఆపి చాయ్ తాగడానికి దిగాడు. తిరిగొచ్చి బస్సు కదిలించగానే వెనక చక్రం బత్తాయిని ఎక్కి దిగింది. లోపలి ప్రయాణికులంతా సీట్లలోంచి లేచి, గాల్లో ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నట్టు వంగి, మళ్లీ కూచున్నారు.

“ఎవడ్రా గీ రాయి పెట్టింది?” అని డ్రైవరు కిందికి దూకి అరిచాడు.

“నేనే బిడ్డా,” అన్నాడు ఇస్తారి, ఎక్కడికీ పారిపోకుండా పక్కనే నిలబడి. “హ్యాండు బిరేకును నమ్మి చాయ్‌కు పోతవా? జర ఫికర్ ఉండాలె మనిషికి.”

ఇంకోసారి, పెన్షన్ కోసం తాను బతికే ఉన్నానని చూపించుకోవడానికి కోడలు పద్మలతను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. మేనేజరు కూచున్న కుర్చీకి అడుగున చక్రాలు. ఆయన ఇటు కంప్యూటరు దగ్గరికీ అటు ప్రింటరు దగ్గరికీ కూచున్నచోటి నుంచే జారుతున్నాడు. ఇస్తారి కాసేపు ఓర్చుకున్నాడు. తరువాత కలం కింద పడ్డట్టు నటించి బల్ల కిందికి వంగాడు. ఆ తరువాత మేనేజరు ప్రింటరు వైపు జారబోయాడు. కుర్చీ అక్కడే ఉండిపోయింది, మేనేజరు ఒక్కడే వెళ్లాడు.

“అయ్యో సారూ, దెబ్బ తాకిందా?” అని పద్మలత కంగారు పడుతుంటే, ఇస్తారి నెమ్మదిగా, “సారూ, ఇందాకటి నుంచి మీరు జారుతుంటే నాకే పరేషాన్ అయింది. ఇప్పుడు చూడుండ్రి, కుర్చి ఎంత బుద్ధిగ ఉన్నదో,” అన్నాడు.

ఇస్తారి బతికే ఉన్నట్టు కాగితం చేతికొచ్చింది. పద్మలతకు మాత్రం ఆ క్షణాన తాను బతికున్నందుకు బాధ కలిగింది.

ఆయన భార్య పోచవ్వది ఒకటే మాట: “నా నసీబు మంచిగుండి నా కాళ్లకు చక్రాల్లేవు. ఉంటే పెండ్లయిననాటి నుంచి గా పందిరి కిందనే నిలవడి ఉంటుంటి.”

ఇట్లాంటి మనిషి దగ్గరికి, ఐదో తరగతి చదివే మనవరాలు స్పందన ఒక సాయంత్రం బడి నుంచి ఉరుక్కుంటూ వచ్చింది.

“తాతా! మనం ఒక కారు చెయ్యాలె. చెక్కది. అందరి కార్లకంటె జోరుగ ఉరకాలె.”

బడిలో తాతలు, నానమ్మల పండుగ పెడుతున్నారట. ప్రతి పిల్లా తన ఇంటి పెద్దమనిషితో కలిసి జానెడు చెక్క కారు చేసుకురావాలి. వాలుగా పెట్టిన బల్ల మీంచి రెండేసి కార్లు వదులుతారు. మోటరు ఉండకూడదు, చేత్తో తోయకూడదు. గీత ముందు దాటిందే గెలుపు.

ఇస్తారి ముఖం వెలిగింది. “చేద్దాం బిడ్డా. దానిదేమున్నది. బిరేకు ముందటికి పెడుదామా, ఎనుకకు పెడుదామా?”

“బిరేకు వద్దు తాతా! అది పందెం!”

“బిరేకు లేకుంటె అది బండెట్లయితది?”

లోపలి నుంచి పోచవ్వ గొంతు వినబడింది: “దొరికి దొరికి గాయిననే అడిగినవా బిడ్డా? మీ తాతకు బండ్లను ఆపుడు తెలుసు గని, నడుపుడు తెల్వది.”

స్పందన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే పొద్దున క్లాసులో రాజ్‌కుమార్ అన్నాడు. వాళ్ల తాతకు కట్టెకోత మిల్లు ఉంది. “మీ తాత చేసేది కారు కాదు, బస్టాండు,” అన్నాడు వాడు. క్లాసంతా నవ్వింది. స్పందనకు రోషం వచ్చి, “మా తాత కారు పందెంల ఉరకకుంటె నన్ను బిరేకు స్పందన అని పిలువుండ్రి పో!” అనేసింది. అనేశాక గాని తెలియలేదు, ఆ పేరు ఎంత బాగా అతుక్కుంటుందో. మధ్యాహ్నం అన్నాల వేళకే ఇద్దరు ముగ్గురు అలవాటు చేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ సంగతి విని ఇస్తారి లేచి, అటక మీద పడి ఉన్న పాత టేకు దర్వాజ ముక్క దింపాడు.

పని మాత్రం ముచ్చటగా సాగింది. ఆయన రంపంతో కోసి ఆకురాయితో రాకితే, స్పందన గరుకు కాగితంతో నునుపు చేసింది. ముక్కు సన్నగా, నడుము కిందికి, చూస్తే పరుగెత్తబోయే ముంగిసలా తయారైంది కారు. పసుపు రంగు వేశారు. తెల్లవారి స్పందన దాన్ని తిరగేసి చూస్తే, వెనక చక్రం పక్కన చిన్న తోలుముక్క మేకుతో కొట్టి ఉంది.

“తాతా, ఇదేంది?”

“ఏమో. దుమ్ము తగులకుండ.”

స్పందన ఊడబీకింది. మర్నాడు ముందు చక్రానికి రబ్బరు ముక్క. అదీ ఊడబీకింది. ఆ మర్నాడు ఏమీ కనబడలేదు. సంబరపడబోతూ వేలితో తడిమి చూస్తే, కారు కింద అదే పసుపు రంగు వేసిన చెక్క పుల్ల ఒకటి.

“తాతా, దీనికి రంగు గూడ ఏసినవా?”

“మంచిగుంటదని ఏసిన,” అన్నాడు ఇస్తారి నేల చూపులు చూస్తూ.

అసలు గొడవ నల్లపొడి దగ్గర వచ్చింది. చక్రాలు నున్నగా తిరగాలంటే ఇరుసుకు నల్లపొడి వేయాలని ఆటల మాస్టరు రాంచందర్ సారు చెప్పాడు. స్పందన ఆ మాట తాత చెవిన వేసి ట్యూషనుకు పోయింది. సారు ఉద్దేశం పెన్సిల్ ములుకు పొడి. కాని బాయిలో తల నెరిసిన మనిషికి నల్లపొడి అంటే ఇంకో అర్థం ఏముంటుంది? ఇస్తారి మంచి బొగ్గుపెళ్ల ఒకటి వెతికి, రోట్లో దంచి, పోచవ్వ మెత్తటి చీర కొంగు చింపి జల్లించి, నాలుగు చక్రాల్లోనూ భక్తిగా కూరాడు.

సాయంత్రం వాకిట్లో వాలుగా పెట్టిన బల్ల మీద వదిలితే కారు కర్రుమంది, కుర్రుమంది, సగంలో నిలబడి మూలిగింది.

“ఏం పొడి ఏసినవ్ తాతా?”

“బొగ్గు పొడి బిడ్డా. ఫస్టు రకం. రాయి అన్నది లేదు అండ్ల.”

స్పందన ఏడుపు ఆపుకోలేకపోయింది. “నువ్వు కావాలనే చేసినవ్! నా కారు ఉరుకుడు నీకు ఇష్టం లేదు. ఇగ నువ్వు నా కారును ముట్టకు!” అని కారును గుండెకు అదుముకుని లోపలికి పోయింది.



మర్నాడు పొద్దున ఇస్తారి కాలనీ అంతా తిరిగాడు. రాళ్ల సంచీ ఇంట్లోనే వదిలేసి. ఇంటింటి ముందు నిలబడి, “బిడ్డా, మీ పోరగాండ్ల దగ్గర అరిగిన పెన్సిల్లున్నయా?” అని అడిగాడు. గడపలో కూచుని వాటిని చీల్చి, ములుకులు తీసి, దుమ్ములా నూరాడు. చక్రాలు ఊడదీసి, గుడ్డతో బొగ్గంతా తుడిచి, పొడి వేసి బిగించాడు. స్పందన దూరంగా మూతి ముడుచుకుని నిలబడి చూస్తూనే ఉంది.

“ఇగ ఇడువు బిడ్డా,” అన్నాడు.

వదిలింది. కారు బల్ల దిగింది, వాకిలి దాటింది, గేటు సందులోంచి దూరి రోడ్డెక్కింది, పక్కింటివాళ్ల మేక పొట్ట కిందుగా పోయి అవతలి గట్టుకు తగిలి ఆగింది. మేక ఎగిరి గంతేసింది. స్పందన అంతకంటే ఎత్తుకు ఎగిరింది. ఇస్తారి కుడిచెయ్యి అలవాటు చొప్పున లేని సంచిలోకి పోబోయింది. ఆయన దాన్ని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

“పొయ్యింది,” అన్నాడు మెల్లగా, బంధువును రైలెక్కించి వచ్చినట్టు.

పందెం రోజున స్పందన తాతతో ఒట్టు వేయించుకుంది. “కారుకు బిరేకు లేదు గదా?”

“లేదు.”

“సంచి తేవు గదా?”

“తేను.”

మాట తప్పలేదు. సంచి తేలేదు. దానికి బదులు నెత్తి మీద ఇంత మూట పెట్టుకుని బడికి వచ్చాడు. విప్పితే, పోచవ్వ పాత చీరలన్నీ కలిపి కుట్టుకున్న బొంత. గేటు దగ్గరే రాజ్‌కుమార్ చూశాడు.

“అగో, బిరేకు స్పందన తాత పండుకోనికి వచ్చిండు!”

స్పందనకు నేల చీలితే బాగుండనిపించింది. ఇస్తారి అదేమీ పట్టించుకోకుండా వరండాలోకి పోయి, వాలుబల్ల చివర, గోడ ముందు బొంత పరవబోయాడు. రాంచందర్ సారు పరుగెత్తుకొచ్చాడు.

“తాతా, గిది పందెం జాగ. అడ్డం ఉండకు. అగో, పెద్దమనుషులంత కూసున్నరు, నువ్వు గూడ కూసో.”

“గది కాదు సారూ, గోడ...”

“గోడ ఎటు పోదు తాతా. కూసో.”

ఇస్తారి బొంత మడిచి ఒళ్లో పెట్టుకుని, ఎగ్జామ్ హాల్లో పిల్లవాడిలా కుర్చీ అంచున కూచున్నాడు.

మొదటి జత కార్లు వదిలారు. గీత దాటడం అందరూ చూశారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే ఫట్టుమని మరో చప్పుడు. బల్లకు అవతల ఉన్నది గోడ. కారు వేగంగా పోవాలని బడి అంతా ఆలోచించింది గాని, పోయాక ఏం కావాలో ఎవరూ ఆలోచించలేదు. సృజన అనే పిల్ల కారు రెండు ముక్కలైంది. రెండోదాని చక్రం ఆఫీసు రూములోకి దొర్లిపోయింది. సృజన బావురుమంది. మిగతా పిల్లలంతా తమ కార్లను వెనక దాచేసుకున్నారు.

“అరె, గా సంగతి యాదికే రాలే,” అని రాంచందర్ సారు తల పట్టుకున్నాడు. “పందెం బందు పెడుదాం. అందరు గెలిచినట్టే.”

అందరూ గెలిస్తే స్పందన కారు ఉరికిందని ఎవరు చూస్తారు? పదో తరగతి దాకా బిరేకు స్పందనే. వెనక్కి తిరిగి తాత కుర్చీ వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

ఇస్తారి అప్పటికే గోడకు వీపు ఆనించి నేల మీద చతికిలబడి, కాళ్లు బార్లా చాపి, వాటి మధ్య బొంతను పిట్టగూడులా చుట్టి కూచున్నాడు.

“ఇడువుండ్రి,” అన్నాడు. “నేను పడుత.”

ఈసారి సారు అడ్డం చెప్పలేదు. ఎవరో ఒక పిల్ల భయపడుతూ వదిలింది. కారు వచ్చి బొంతలో మెత్తగా దూరిపోయింది. ఇస్తారి దాన్ని తీసి, దుమ్ము ఊది, చక్రాలు తిప్పి చూసి, “మస్తు ఉరికింది బిడ్డా,” అని తిరిగిచ్చాడు. తరువాతిదీ అంతే. ఎవరి కారని చూడలేదు, గెలిచిందా ఓడిందా అని చూడలేదు. ప్రతిదానికీ అదే ఊదుడు, అదే మాట.

చివరికి స్పందన, రాజ్‌కుమార్ మిగిలారు. రెండు కార్లూ ఒక్కసారే బల్ల దిగాయి. పసుపు ముంగిస ఎంత జోరుగా పోయిందంటే, స్పందనకు అరవడం కూడా గుర్తుకు రాలేదు. అయినా కట్టెకోత మిల్లు కట్టెకోత మిల్లే. రాజ్‌కుమార్ కారు ముక్కు గీతను ఒక గోరంత ముందు దాటింది.

రాజ్‌కుమార్ చేతులెత్తి గంతులేస్తూ గోడ దగ్గరికి ఉరికాడు. “బిరే...” అన్నాడు. అక్కడ ఇస్తారి వాడి కారును బొంతలోంచి తీసి తువ్వాలతో తుడుస్తున్నాడు.

“మస్తు ఉరికింది బిడ్డా. ముందటి చక్రం జర వదులైంది, మీ తాతకు చెప్పి బిగియ్యించుకో.”

రాజ్‌కుమార్ మిగతా మాటను నోట్లోనే ఉంచుకున్నాడు. కారును అటూ ఇటూ తిప్పి చూశాడు. పక్కన పడి ఉన్న సృజన కారు ముక్కలను చూశాడు. “నువ్వు లేకుంటె ఇది పొయ్యిల కట్టె అవుతుండె తాతా,” అన్నాడు గొంతు తగ్గించి.

స్పందన వచ్చి తాత పక్కన కూలబడింది. “ఓడిపోయినం తాతా.”

“ఉరికిందా, లేదా?”

“ఉరికింది.”

“బిరేకు కనవడ్డదా?”

“లే.”

“కారుకు పెట్టద్దంటివి గదా బిడ్డా. గందుకే తెచ్చి గోడకు పెట్టిన. అందరి పోరగాండ్లకు పనికొస్తదని.”

స్పందనకు నవ్వు వచ్చింది, ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

బహుమతులకు రమ్మని మైకులో పిలిచారు. ఎవరూ కదలలేదు. పిల్లలంతా బల్ల ఎగువన గుంపుగా చేరి, నాది, నాది అని తోసుకుంటున్నారు. ఇప్పుడు ఎవరికీ గీత అక్కర్లేదు. కారు పోయి బొంతలో దూరితే చాలు, తాత తీసి ఊదితే చాలు. గెలిచిన రాజ్‌కుమార్ అందరికంటే ముందు నిలబడ్డాడు.

స్పందన బల్లకు అడ్డం నిలబడి రెండు చేతులూ చాపింది. “ఆగుండ్రి! లైన్ల రాండ్రి! మా తాత ఒక్కొక్కటే పడుతడు.”

“నువ్వెవరు ఆపనీకి?” అన్నాడు రాజ్‌కుమార్.

“బిరేకు స్పందనను,” అంది. “నేను ఇడువుమంటేనే ఇడువాలె.”

లైను కట్టారు. సృజన కూడా, ఎవరో తాడుతో కట్టిచ్చిన కారును పట్టుకుని, లైనులో దూరింది. గోడ దగ్గర ఇస్తారి బొంతను సర్దుకుని, చేతులు చాపి, బతుకంతా బండ్లను ఆగమన్న గొంతుతో కేకేశాడు:

“రానియ్యి బిడ్డా, రానియ్యి!”