జాడించిన నీళ్ళకు మరో కొలువు

ఆసుపత్రి వెనక రేకుల కప్పు కింద ఉన్న లాండ్రీలో ఆమె మాటే మాట. మూడు మిషన్లూ ఒకేసారి తిరుగుతున్నా ఆ రొదను మించి వినిపించేది ఆమె గొంతు. అందుకే అందరికీ ఆమె మైకక్క. ఆ పేరు పెట్టినవాళ్ళను ప్రేమగా తిడుతూనే పలికేది.

ఆ వేసవిలో ఊరికి నీళ్ళిచ్చే జలాశయం అడుగంటింది. ఆసుపత్రికి వచ్చే నీళ్ళు సగానికి సగం పడిపోయాయి. పెద్ద డాక్టరు ఆమెను పిలిపించి, "వార్డులకే చాలట్లేదమ్మా. నెలాఖరుకి లాండ్రీ మూసేసి, దుప్పట్లు బయట ఉతికించుకుందాం" అన్నాడు.

తనతో పనిచేసే ఆడవాళ్ళంతా ఏమైపోతారు? తిరిగొచ్చి మిషన్ పక్కన కూలబడింది. ఎదురుగా ఆఖరిసారి జాడించిన నీళ్ళు గొట్టంలోంచి మురిక్కాలువలోకి దూకుతున్నాయి. దోసిట పట్టి చూసింది. అరచేతి గీతలు కనిపించేంత తేటగా ఉన్నాయి.

లేచి పంపులు చూసే ఇంజనీరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మాయ్! శుభ్రమైన దుప్పటి మీంచి వచ్చే నీళ్ళని కాలవలో పోస్తున్నామే, మనకి మతి ఉందా?"

ఇంజనీరమ్మ తల పట్టుకుంది. "ఇన్నాళ్ళూ నాకూ తట్టలేదక్కా! ఆ నీళ్ళతోనే తర్వాతి విడతకి మొదటి ఉతుకు కానిద్దాం. ఆ సబ్బునీళ్ళని ఇసుక తొట్లలో వడగట్టి మరుగుదొడ్లకి ఎక్కిద్దాం."

ఇద్దరూ మూలన పడున్న తొట్లు కడిగి, గొట్టాలు బిగించారు. మొదటిసారి నవ్వులపాలయ్యారు. రాత్రంతా నిలవున్న నీళ్ళు కంపు కొట్టాయి, వాటిలో ఉతికిన దుప్పట్లూ అదే కంపు. నర్సులు ముక్కులు మూసుకున్నారు. ఇంటికెళ్తే భర్త కూడా వదల్లేదు.

"రేపట్నించి నేను స్నానం చేసిన నీళ్ళతో కాఫీ పెడతావా ఏంటి?"

"ముందు మీరు స్నానమంటూ చేస్తే కదా!"

నవ్విందే గాని, మనసంతా తొట్ల దగ్గరే ఉంది. నీళ్ళు నిలవుంటేనే కదా కంపు! మర్నాడు పద్ధతి మార్చింది. ఒక మిషన్ జాడించే వేళకి పక్క మిషన్ మురికి దుప్పట్లతో నిండి, నోరు తెరుచుకుని సిద్ధంగా ఉండాలి.

"ఒకటోది వదుల్తోంది! రెండోది నింపండర్రా!"

ఆ కేకకి ఆడవాళ్ళు పరుగులు పెట్టారు. చీరలు తడిసి ముద్దయ్యాయి. నీళ్ళు మాత్రం చుక్క ఆగకుండా ఒక మిషన్ నుంచి మరో మిషన్‌కి సాగిపోయాయి. ఆ దుప్పట్లను ల్యాబులో పరీక్షించి, ఏ దోషమూ లేదన్నారు.

ఇక మరుగుదొడ్ల వంతు. అన్నాళ్ళూ బకెట్లు మోసి నడుం పడిపోయిన ఆయా పై అంతస్తులో మీట నొక్కింది. గలగలమని నీళ్ళు దూకాయి. "వచ్చాయర్రోయ్!" అన్న ఆమె కేక కిందిదాకా వినిపించింది. లాండ్రీలో ఈలలు, చప్పట్లు! మైకక్క ఇంజనీరమ్మను వాటేసుకుని గిరగిరా తిప్పేసింది.

ఆ సందడికి పెద్ద డాక్టరే దిగి వచ్చాడు. తొట్లు, గొట్టాలు అన్నీ తిరిగి చూసి, "లాండ్రీ మూసే మాటే లేదు. పక్కూరి ఆసుపత్రి వాళ్ళని కూడా పంపిస్తాను, నువ్వే నేర్పాలమ్మా" అన్నాడు.

"అలాగే సార్. ముందు ఆ కాలు తియ్యండి, గొట్టం తొక్కేశారు!"

అందరికంటే ముందు నవ్వింది పెద్ద డాక్టరే.