గాలిలో పంపకం

విదర్భలో ఒక చిన్న ఆసుపత్రిలో అందరూ తాయీ, అంటే అక్కా, అని పిలిచే పిల్లల డాక్టర్ సులభకు ఒక అలవాటుంది. ఏదో మింగిన పిల్లాణ్ని తెస్తే నోటి వాసన చూస్తుంది, టార్చి వేసి కంటిపాపలు చూస్తుంది, జేబులు స్టీలు పళ్లెంలోకి దులుపుతుంది. ఆపైన మంచం పక్కన గొంతుక్కూర్చుని, పిల్లాడు ఎటు చూస్తే అటే చూస్తుంది. "దయ్యం కనబడితే మాక్కూడా చెప్పండి తాయీ," అని నర్సు కుందా ఆటపట్టిస్తుంది.

ఒక మధ్యాహ్నం తల్లి మోసుకొచ్చిన విఠూ అనే పిల్లాడి జేబులోంచి పళ్లెంలో ముళ్ల ఉమ్మెత్తకాయ పడింది. వాడి మొహం ఎర్రగా కాలిపోతోంది, పెదాలు ఎండిపోయాయి, నల్లపాపలు కళ్లంతా పరుచుకున్నాయి. కడుపు కడిగి సెలైన్ ఎక్కిస్తున్నా వాడు గాలిలో ఏదో తెంపుతున్నాడు, గోటితో చీలుస్తున్నాడు, కొంత తను తిని, తక్కింది మంచం పక్కన కిందికి చాచి "తిను" అంటున్నాడు. ప్రతిసారీ అదే వైపు, అదే ఎత్తుకు.

"ఇంకెవరు తిన్నారమ్మా?" అని అడిగింది సులభ.

"వీడొక్కడే తాయీ, ఒట్టు!" అంది తల్లి.

"వీడి భుజం దాకా వచ్చే పిల్లలెవరున్నారు మీ ఇంట్లో?"

తల్లి మొహం పాలిపోయింది. "మా తోటికోడలి కూతురు ఛబీ... పడుకుందనుకున్నాం."

జీపు పరుగున వెళ్లి ఛబీని తెచ్చింది. పశువుల కొట్టం వెనక గోడతో మాట్లాడుతూ దొరికిందట, ఒళ్లు పెనంలా కాలుతూ. దానికీ పక్క మంచం మీద సెలైన్ పెట్టారు. విఠూ మళ్లీ చెయ్యి చాచాడు. ఛబీ ఆ ఖాళీ చేతిలోంచి అందుకుని నమిలింది. కుందా నవ్వలేదు. వాడి చెయ్యి ఇంకెటైనా వెళ్తుందేమోనని సులభ మంచం పక్కనే గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. వెళ్లలేదు. అప్పుడు లేచింది.