వాటాకు కుంకుమ బొట్టు

కార్మికులకు కంపెనీలో వాటా ఇవ్వడం గురించి యజమానులు, యూనియన్లు, సర్కారు ఏమనుకుంటున్నారో తేల్చడం నా పరిశోధన. క్యాంపస్ లైబ్రరీలో ఏడాది కూర్చున్నాను. తేలిపోయింది నేనొక్కణ్ణే.

తార్నాకలో నేను అద్దెకున్న ఇంటాయన లాలాపేట్ దారిలో ఒక కార్ఖానాలో లేత్ పనివాడు. ఆ దసరాకు సేఠ్ మిఠాయితోపాటు మనిషికో షేరు కాగితం పంచాడు. అది బోనస్ ఎగ్గొట్టే ఎత్తు, వెనక్కిచ్చెయ్యమంది యూనియన్. అందరూ ఇచ్చేశారు. ఈయన మాత్రం ఆయుధపూజలో లేత్‌కూ పానాలకూ బొట్లు పెడుతూ ఆ కాగితానికీ ఒకటి పెట్టి మిషన్‌కు అంటించాడు. పూజలో పెట్టాక, మర్నాడు పూజ ఎత్తేదాకా ఏదీ తియ్యకూడదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గరే యూనియన్ వాళ్లు పట్టుకున్నారు. నా ప్రశ్నల కాగితాలతో నేనూ అక్కడే ఉన్నాను.

“సేఠ్ కాగితానికి మొక్కుతవారా?”

“పూజల వెట్టినదాన్ని ఎట్ల గుంజుత? ఇయ్యాల ఎత్తినంక వాపస్ ఇస్తనే.”

“హారతి మేమిస్తం తియ్.”

ఇనుప కడ్డీ మోకాలి మీద పడింది. కూలబడ్డవాడి కుడి చేతిని గేటు జరిగే పట్టా మీద తొక్కి పట్టారు.

“చెయ్యి ఇడువుండ్రి. కావాల్నంటే ఇంకో కాలు కొట్టుండ్రి” అని బేరమాడాడు.

అడ్డుపడి “నేను యూనివర్సిటీ...” అన్నాను. మిగతా పరిచయం నా భుజం ఎముక విరిగిన చప్పుడులో కలిసిపోయింది. వాటాదారును కాపాడటానికి సేఠ్ మనుషులు సైకిల్ చెయిన్లతో దూకారు. చేతికందిన వాణ్ణల్లా కొట్టారు. నా పన్ను నా కాగితాల మీదే రాలింది. ఆపైన పోలీసులు దిగి ఎవరు ఎవరని అడక్కుండా లాఠీలాడించారు. వాటా గురించి రాయబోయినవాడికి మూడు పక్షాల వాతలూ సమంగా దక్కాయి.

ఆ తోపులాటలో గేటు కదిలింది. తోసిందెవరో చెప్పలేను, మూడు పక్షాలూ దాని మీద పడి ఉన్నాయి. చక్రం ఆయన చేతి మీదుగా పోయింది.

పరిహారం అడగబోతే, “భాగస్తుడికి పరిహారమేంది, కంపెనీ ఆయనదే గద” అన్నాడు సేఠ్. యూనియన్ ఆయన్ను సేఠ్ మనిషన్నది. లేబర్ ఆఫీసరు, వాళ్లిద్దరూ ఒక మాట మీదికొస్తే రమ్మన్నాడు.

వార్డులో పక్క పక్క మంచాలే మావి. కట్టు మార్చినప్పుడల్లా ఆయన మొహం అటు తిప్పుకునేవాడు.

“సారూ, బొటనేలు ఆడిస్తున్న. కదులుతున్నదా?”

లేచి వంగి చూశాను. బొటనవేలు ఉండాల్సిన చోట కట్టు చదునుగా ఉంది.

“కదుల్తాండాదన్నా” అన్నాను, మా ఊరి యాసలో.

ఆయన ఇంకా గట్టిగా ఆడించడానికి పళ్లు బిగించాడు.