డిక్కీలో ఇసుక సంచులు

మా ఆయన కారు కొంటానన్నప్పుడు సంతోషపడ్డాను. ఆ సంతోషం కారు వచ్చి ఇంటి ముందు ఆగేదాకానే.

పద్దెనిమిదేళ్లు దుబాయిలో ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా పనిచేసి కరీంనగర్ తిరిగొచ్చిన మనిషి. ఆ ఇంట్లో చాలా బండ్లుండేవట. అన్నీ నడిపేవాడు, ఒక్కటి తప్ప. అది షేకు కొడుకుది, రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. దాన్ని కడగాలి, తుడవాలి, పెట్రోలు పోయించుకు రావాలి, అంతే. "పెట్రోలుకు పోయేటప్పుడు చుట్టు తిరిగి పోత" అని ఫోన్లో చెప్పి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు వెనక ఇంత కోరిక దాచుకున్నాడని తెలిస్తే అప్పుడే, ఆ ఫోన్లోనే, కొట్లాట పెట్టేదాన్ని.

హైదరాబాదు పోయి, ఒక చెయ్యి మారిన బండిని తెచ్చాడు. వాన మబ్బు రంగు. ముందు భాగం పొడుగ్గా, వెనక పొట్టిగా, నేలకు అతుక్కుని ఉంది.

"గిదేంది, మిగిలిన రెండు తలుపులు రేపు తెస్తరా?" అన్నాను.

"రెండే ఉంటయే. స్పోర్ట్స్ కారు."

"గీ పైసలకు ఏడుగురు కూసునే బండి వస్తుండె గదా? ఒక్కో తలుపు ఎంతకు పడ్డదో చూసుకున్నవా?"

"గిసొంటి బండ్లల్ల గింతకన్న అగ్గువది లేదు. మనసొంటోళ్లు కొనగలిగేది గిదొక్కటే" అన్నాడు. కొత్త పెళ్లికొడుకులా ఉంది ఆయన ముఖం. నేను ఇంకేం అనలేకపోయాను.

ఎక్కి కూర్చుంటే నడుము రోడ్డుకు తగులుతుందేమో అనిపించింది. వెనక సీటని ఒకటుంది, అందులో కూరగాయల సంచి కూర్చుంటుంది గానీ మనిషి కూర్చోడు. మూడో రోజు ఇంకో ఘనకార్యం చేశాడు. రైస్‌మిల్లు దగ్గరి కాంటా మీద పెట్టి కారును తూచి, చీటీ తెచ్చాడు. వడ్ల లారీలు ఎక్కే కాంటా మీద కారును తూచే మొగుడు కరీంనగర్ మొత్తంలో నాకే దొరికాడు.

"పన్నెండు క్వింటాళ్ల నలభై కిలోలు! చూసినవా, ఎంత అల్కగున్నదో!"

అంత తేలిక బండా అని బెదిరిపోయాను. ఆయన అదేం చూడలేదు. చపాతీలు చేసే పీటను లాక్కుని, దాని నడిమిట్ల కింద ఒక్క వేలు పెట్టి నిలబెట్టాడు. "ముందల సగం బరువు, ఎనుక సగం. ఎటూ ఒరగది. గందుకే మలుపుల స్టీరింగు జర తిప్పితే చాలు, నువ్వు మనసుల అనుకున్న కాడికి పోతది. షేకు కొడుకు బండి ఇంతకు నాలుగింతలు ఖరీదు, గానీ గింత మాట వినకపోయేది" అన్నాడు. పీట ఆయన వేలి మీద కదలకుండా నిలబడింది. నేను ఆ చీటీలోని అంకెనే చూస్తూ ఉండిపోయాను.

మా బాపు మందమర్రిలో బొగ్గు లారీ నడిపేవాడు, ఒక కాంట్రాక్టరు దగ్గర. బొగ్గు నింపుకుని పోయేటప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, నిమ్మళంగా ఉండేది. ఖాళీ లారీతో తిరిగొచ్చే దారంటేనే ఆమెకు భయం. లోడు లేని బండి గుంతల్లో ఎగురుతుందని, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక భాగం పక్కకు కొడుతుందని బాపే చెప్పేవాడు. వానాకాలం వస్తే మా కాలనీలో ట్రాలీ బండ్లు నడిపేవాళ్లు ఖాళీగా పోయే రోజు వెనక రెండు ఇసుక సంచులు వేసుకునేవారు. అది వాళ్లకు నేర్పింది బాపే. కానీ లారీకి రెండు సంచులు ఏం సరిపోతాయి?

నేను పదో తరగతిలో ఉండగా ఒక వాన రోజు మధ్యాహ్నం ఆయన ఖాళీ లారీ మలుపులో తిరగబడింది. మా ఇంటి ముందు జమైన వాళ్లందరూ ఒకటే మాట. "లోడుంటే పడకపోతుండె." ఆ మాట ఆ రోజు నా చెవిలో పడ్డది ఇప్పటికీ బయటికి పోలేదు. రోడ్డు మీద ఖాళీ లారీ పోతుంటే నేను ఇప్పటికీ నిలబడి, అది కనుమరుగయ్యాక గానీ కదలను.

బాపు లారీ తిరగబడి చనిపోయాడని మా ఆయనకు తెలుసు. అందులో లోడు లేదన్న సంగతి తెలియదు. నేను చెప్పలేదు. నాకొక పాడు గుణముంది. నాకు భయమైతే ఏడుపు రాదు, నోరు లేస్తుంది. దుబాయి నుంచి రెండు రోజులు ఫోన్ రాకపోతే భయంతో అన్నం సయించేది కాదు. మూడో రోజు ఫోన్ మోగితే "పైసలెప్పుడు పంపుతవ్?" అని కసిరేదాన్ని. ఆ మనిషి పద్దెనిమిదేళ్లు నన్ను పైసల మనిషనే అనుకున్నాడు.

ఇప్పుడూ అంతే. కారెక్కిన ప్రతిసారీ నా ప్రాణం అరచేతిలోకి వచ్చేది. నోటికి మాత్రం పెట్రోలు ధర, స్పీడు బ్రేకరుకు గీసుకున్న అడుగు భాగం, లేని రెండు తలుపులు వచ్చేవి. "నీకు ఖర్చు ఫికర్ తప్ప ఇంకోటి లేదు" అని ఆయన నవ్వేసేవాడు. నేను రాత్రిళ్లు ఆ పన్నెండు క్వింటాళ్ల నలభై కిలోలను తలుచుకుంటూ పడుకునేదాన్ని.

వానలు మొదలయ్యే ముందు ఒక పని చేశాను. పక్కన ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుక కుప్ప ఉంది. వాళ్లను అడిగి నాలుగు ఖాళీ బియ్యం సంచుల్లో ఇసుక నింపాను. మొక్కలకన్నాను. ఒక్కోటి పాతిక కిలోలకు తక్కువ ఉండదు. మా ఆయన తన తమ్ముడి బైకు మీద మార్కెట్టుకు పోయిన పూట డిక్కీ తెరిచి, ఈడ్చి ఈడ్చి ఎత్తేశాను. లోపలికి నెట్టే బలం లేక నాలుగూ డిక్కీ అంచునే పెట్టి, పైన పాత చద్దరు కప్పాను. ఆయన సామాను ఎప్పుడూ వెనక సీట్లోనే వేస్తాడు, డిక్కీ తెరవడు. నడుము పట్టేసింది గానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. బాపు చెప్పిన పని చేశాననుకున్నాను.

ఆయనకు రెండో రోజే తేడా తెలిసింది. "స్టీరింగు ముందటి లెక్క లేదే. తేలినట్టైతుంది" అన్నాడు. టైర్లలో గాలి చూపించాడు. మళ్లీ చూపించాడు. టైర్లు అటువి ఇటు మార్పించాడు. నేను ఆయన ముఖం చూడకుండా అన్నం వడ్డించాను.

మందమర్రిలో మా చెల్లె బిడ్డకు ఓణీల ఫంక్షన్. పొద్దున్నే బయలుదేరాం. గోదావరి దాటేసరికి వాన పట్టుకుంది. శ్రీరాంపూర్ దగ్గర రోడ్డు మీద బొగ్గు దుమ్ము తడిసి నల్లటి బురదయింది. ఆయన నెమ్మదిగానే నడుపుతున్నాడు. నేను స్పీడు ముల్లు చూస్తూనే ఉన్నాను, యాభై కూడా దాటలేదు. ఒక మలుపు వచ్చింది. స్టీరింగు కొద్దిగా తిప్పాడు. ముందు భాగం తిరిగింది. వెనక భాగం ఆగలేదు. అది మమ్మల్ని దాటి ముందుకు పోవాలని చూసింది. వెనక ధడేలుమని సంచులు ఒక పక్కకు జారిన చప్పుడు నాకు వినబడింది. చెట్లు, రోడ్డు, ఆకాశం నా కిటికీ ముందు నుంచి వరసగా పోయాయి. నేను అరవలేదు. బాపు లోపల కూర్చుని చూసింది ఇదేనని మాత్రం అనుకున్నాను.

ఆగేసరికి వచ్చిన దారికేసి తిరిగి ఉన్నాం. ఎదురుగా బొగ్గు లారీ. దాని నంబరు ప్లేటు మీది బురద మరకలు కూడా కనబడేంత దగ్గర్లో ఆగింది. డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, దెబ్బలేం తాకలే గదా? గింత చిన్న మలుపుల గట్లెట్ల తిరిగిందే?"

మా ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీసి, వాటిని చూసుకుంటున్నాడు. ఎట్లా తిరిగిందో నాకు తెలుసు. ఒక్క వేలి మీద నిలబడిన పీట అంచున నేను బండరాయి పెట్టాను. చెప్పాలని నోరు తెరిచాను, ఫంక్షనుకు ఆలస్యమవుతుందన్న మాట బయటికొచ్చింది.

మందమర్రి దాకా సైకిళ్లు మమ్మల్ని దాటిపోయేంత మెల్లగా నడిపాడు. ఫంక్షన్ అయ్యి అట్లాగే ఇంటికొచ్చాక కారుకు గుడ్డ కప్పి, తాళం చెవి ఫ్రిజ్ మీద పెట్టాడు. మళ్లీ ముట్టుకోలేదు. కండ్ల డాక్టరు దగ్గరికి పోయొచ్చాడు, కండ్లు బాగున్నాయన్నారు. "అయితే చేతులే పోయినయే" అన్నాడు. ఊళ్లో ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్లు నేర్పడానికి రమ్మని రెండు నెలల నుంచి అడుగుతున్నారు, ఆయనకు కూడా మనసుంది. వాళ్లకు ఫోన్ చేసి రానని చెప్పేశాడు. మార్కెట్టుకు ఆటోలో పోయి వస్తున్నాడు, డ్రైవరు పక్కన కాదు, వెనక కూర్చుని. బండి అమ్ముతానన్నాడు.

నేను కోరుకున్నది ఇదే. నోరు మూసుకుని ఉంటే చాలు, ఆ తేలిక బండి నా వాకిట్లో నుంచి పోతుంది. ఇక ఏ వానకూ నేను వణకక్కర్లేదు. పదకొండు రోజులు అట్లాగే మూసుకున్నాను. రాత్రి ఆయన నిద్రలో కాళ్లు కదిపేవాడు, బ్రేకు తొక్కుతున్నట్టు. చెప్తే నన్నేమంటాడోనని భయం. చెప్పకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని భయం. చెప్పాక మళ్లీ బండి తీస్తాడని ఇంకో భయం. ఏ భయం పెద్దదో తేలేది కాదు.

పన్నెండో రోజు కొనేవాళ్లు వస్తామన్నారు. పొద్దున ఆయన బకెట్టు, గుడ్డ తీసుకుని వాకిట్లోకి పోయాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అద్దాలు, చక్రాలు, హెడ్‌లైట్ల సందులు, ఏదీ వదలకుండా తుడుస్తున్నాడు. పద్దెనిమిదేళ్లు షేకు కొడుకు బండిని ఇట్లాగే తుడిచి ఉంటాడు. తన సొంత బండిని పరాయివాడి బండిలా కడుగుతున్నాడు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

పోయి డిక్కీ తెరిచాను. చద్దరు లాగేశాను.

"ఏందివి?"

"ఇసుక."

"ఎవలేసిండ్రు?"

"నేనే. వానలు మొదలుగాక ముందే ఏసిన." అని, బాపు లారీలో ఆ రోజు లోడు లేదని చెప్పాను. లోడుంటే పడకపోయేదని అందరూ అన్నారని చెప్పాను. అంతా ఒక్క ఊపిరిలో చెప్పి, తిట్టించుకోవడానికి నిలబడ్డాను.

ఆయన తిట్టలేదు. తడి గుడ్డ చేతిలో పట్టుకుని అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. "పదకొండు రోజులు నా చేతులు నేనే చూసుకుంట కూసున్ననే" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత లేచి సంచులు ఒక్కొక్కటే మోసుకుపోయి పక్కవాళ్ల కుప్ప మీద బోర్లించాడు. కొనేవాళ్లకు ఫోన్ చేసి రావొద్దన్నాడు. ఫ్రిజ్ మీది తాళం చెవి తెచ్చి, "ఎక్కు" అన్నాడు.

మానేరు డ్యాం పక్క రోడ్డు మీదికి పోయాం. చినుకులు పడుతున్నాయి. మొదట్లో ఆయన చేతులు బిగుసుకుని ఉన్నాయి, పోను పోను సడలాయి. బండి నిజంగానే మాట వింటోంది, అది నాకూ తెలుస్తోంది. ముందర మలుపు కనబడింది. నా చెయ్యి తలుపు పిడిని పట్టుకుంది. "పెట్రోలు ఎంత కాల్తుందో చూస్తున్నవా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"నాకు భయమైతుంది" అన్నాను.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఆయనతో అనడం అదే మొదలు. ఆయన ఒకసారి నా వైపు చూసి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు ఎత్తేశాడు. బండి మెల్లగా, ఇంకా మెల్లగా అయ్యి, నడక వేగానికి వచ్చి మలుపు తిరగసాగింది. వెనక నుంచి ఒక ఆటో హారను కొట్టి మమ్మల్ని దాటిపోయింది. దాటిపోతూ ఆటోవాడు మా స్పోర్ట్స్ కారును చూసి నవ్వాడు. మా ఆయన అతన్ని పోనిచ్చాడు.