కంపోజిటర్ రాహేలు సెలవు అడిగింది

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు నడిస్తే, ఎడమ చేతి సందులో రేకుల కప్పు ప్రెస్సు ఒకటి ఉండేది. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు, హాస్టల్ మెస్సు కూపన్లు, శుభలేఖలు, లేబొరేటరీల లెటర్‌హెడ్లు, ఏది వచ్చినా కాదనేది కాదు. 1967లో అక్కడ తెలుగు అక్షరాలు పేర్చే కంపోజిటర్ ఒక్కరే. పేరు రాహేలు, వయసు ఇరవై ఆరు.

ఆడమనిషి కంపోజింగ్ చేయడం అప్పటికి నగరంలో వింతే. ప్రెస్సుల్లో ఆడవాళ్లు ఉండకపోలేదు. కాగితాలు మడవడానికి, కుట్టడానికి, జిగురు రాయడానికి ఉండేవారు. అక్షరాల కేసు దగ్గర నిలబడేది మగవాళ్లు. కేసంటే గళ్లు గళ్లుగా చేసిన వెడల్పాటి చెక్క అర. ఒక్కో గడిలో ఒక్కో రకం సీసపు అక్షరం ఉంటుంది. తెలుగుకు ఒత్తులూ గుణింతాలూ కలిపి ఆ గళ్లు వందల్లోకి పోతాయి. రాహేలు తండ్రి సామేలు మెదక్ వైపు ఒక మిషన్ ప్రెస్సులో బైండరు. ఎనిమిదో తరగతి అయ్యాక కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టడం ఇష్టంలేక వెంట తీసుకుపోయి కేసు ముందు నిలబెట్టాడు. చూడకుండా చేత్తోనే అక్షరం అందుకోవడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. తర్వాత పెళ్లయింది. భర్త దానయ్యకు యూనివర్సిటీ తోటల్లో మాలి పని దొరికితే ఇద్దరూ తార్నాక చేరారు. చేరిన నాలుగో రోజున ఆమె ప్రెస్సు ఓనరు బుచ్చిబాబు ముందు నిలబడింది.

"మడత పని ఇస్తాలే అమ్మాయ్, రేపట్నుంచి రా" అన్నాడాయన.

"మడత పని రాదు సార్. అక్షరం పని వస్తది."

బుచ్చిబాబు నవ్వి, ఒక శుభలేఖ రాతప్రతి చేతిలో పెట్టాడు. గంటలో ప్రూఫు తెచ్చింది. మూడు రోజుల కింద అదే శుభలేఖను ఇంకో కంపోజిటర్ చేస్తే పెళ్లికొడుకు తండ్రి పేరు ఎగిరిపోయి వియ్యంకులు ప్రెస్సు మీదికి వచ్చారు. బుచ్చిబాబు ప్రూఫు రెండుసార్లు చదివి ఆమెను కేసు దగ్గరికి పంపాడు.

ఆయన చెడ్డవాడు కాదు. గుంటూరు నుంచి వచ్చి సొంతంగా పైకొచ్చిన మనిషి. ఒక్కటే బలహీనత: ఎవరికీ మొహం మీద కష్టమైన మాట చెప్పలేడు. కంపోజింగ్ గదిలో గోడకు మేకు ఉండేది. వచ్చిన పని ప్రతిదీ ఆ మేకుకే గుచ్చేవారు. కంపోజిటర్లు వరసగా తీసుకుని చేసుకునేవారు. బుచ్చిబాబు తిట్లు కూడా ఆ మేకుకే వచ్చేవి, చీటీల మీద.

ప్రెస్సుకు ఇంకో అలవాటు ఉంది. బైండింగులో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నా హాజరు రిజిస్టరులో వాళ్ల పేర్లు లేవు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిస్తే వాళ్లను వెనక గోదాంలో కాగితం రీముల మధ్య కూర్చోబెట్టేవారు. కడుపు కనబడే సరికి వాళ్లంతట వాళ్లే పోయేవారు, పిల్లకు మూడు నాలుగు నెలలొచ్చాక కొత్త మనుషుల్లా మళ్లీ వచ్చేవారు. వాళ్లలో ఉప్పలమ్మ అలా మూడుసార్లు పోయింది, మూడుసార్లు వచ్చింది. దాన్ని పని పోవడమని ఎవరూ అనలేదు. ఉప్పలమ్మ కూడా అనలేదు.

ఆగస్టులో నగరంలోని ఒక ఫ్యాక్టరీ నుంచి పని వచ్చింది. ప్రసూతి చట్టం సారాంశం తెలుగులో, గోడకు అంటించే సైజులో, యాభై ప్రతులు కావాలి. మేకు నుంచి రాహేలు తీసుకుంది. అక్షరాన్ని అక్షరం పక్కన పేరుస్తూ ఆమె ఆ చట్టాన్ని ఎవరూ చదవనంత నిదానంగా చదివింది. అప్పటికి ఆమెకు నాలుగో నెల. ప్రెస్సులో ఎవరికీ తెలియదు.

ప్రూఫు తీసి కిటికీ వెలుగులో పట్టుకుని మళ్లీ చదువుతుంటే ఉప్పలమ్మ వచ్చింది.

"ఏందే రాహేలూ, గంత గుచ్చి గుచ్చి సూస్తున్నవ్? తప్పులు పడ్డయా?"

"మన గురించి రాసిండ్రక్కా."

"మన గురించి ఎవరు రాస్తరే?"

"సర్కారోళ్లు. కాన్పుకు ముంగట ఆరు వారాలు, అయినంక ఆరు వారాలు సెలవంట. జీతం ఇయ్యాల్నంట. సెలవుల ఉన్న మనిషిని పనిల కెళ్లి తీసెయ్యొద్దంట."

"ఏ ఊర్ల?"

"దేశమంతట."

ఉప్పలమ్మ జిగురు చేతులు నడుముకు పెట్టుకుని నవ్వింది. "మరి నా కాన్పులు ఏ దేశంల అయినయే?"

ఆ కాగితం చివర ఒక వాక్యం ఉంది: ఆడవాళ్లు పనిచేసే ప్రతి చోటా దీన్ని అందరికీ కనబడేలా గోడకు కట్టాలి. ఇంగ్లిష్ కంపోజింగ్ చూసే ఫోర్‌మన్ వీరస్వామిని రాహేలు అడిగింది.

"అన్నా, మన గోడకు ఒకటి కడదమా?"

"అది కస్టమర్ది. కస్టమర్ గోడకు" అన్నాడు వీరస్వామి తల ఎత్తకుండానే.

నవంబరు నాటికి చీర కుచ్చిళ్లు దాచేది ఏమీ మిగల్లేదు. రెండో ఆదివారం చర్చి నుంచి నేరుగా రాహేలు యూనివర్సిటీ లేడీస్ హాస్టలుకు నడిచింది. అక్కడ నాగమణి ఉంటుంది. కర్నూలు పిల్ల, లా చదువుతోంది, హాస్టలు పత్రిక అచ్చు పని కోసం నెలకు రెండుసార్లు ప్రెస్సుకు వస్తుంది. దానయ్య కూడా తోడు వచ్చాడు గానీ మగవాళ్లకు గేటు దాటే వీల్లేదు. గేటు దగ్గరే ఆగి, "ఇంకోసారి ఆలోచించు. ఉన్న పని పోతదేమో" అన్నాడు.

"ఊకుంటె పోనే పోతది. అడిగితే, పోయిందని నలుగురికన్న తెలుస్తది."

వరండా మెట్టు మీద కూర్చుని నాగమణి అంతా విన్నది. లోపలికి పోయి లావుపాటి పుస్తకం పట్టుకొచ్చింది.

"ఏమక్కా, నా రాతల్లో తప్పులన్నీ ఏరినావు, ఈ మాట అడిగేదానికి ఇన్నాళ్లు పట్టిందా? సరే, చెప్పు. కరెంటు మిషన్ ఉండి, పది మంది పనిచేస్తా ఉంటే మీది ఫ్యాక్టరీనే. ఎంతమంది ఉన్నారు?"

"మొగోళ్లు ఎనిమిది. నేనొక్కదాన్ని. బైండింగుల ముగ్గురు ఆడోళ్లు."

"పన్నెండు. చాలు."

"ఆ ముగ్గురు రిజిస్టరుల లేరమ్మా."

నాగమణి పుస్తకం మూసింది. "అయితే వాళ్లు నోరు తెరవాల. తెరుస్తారా?"

"వాళ్ల పొట్ట మీద నేను కొట్ట. వాళ్లను అడగ."

"అట్లయితే కష్టమక్కా. సరే, ముందు సెలవు కావాలని కాగితం మీద రాసియ్యి. నోటితో మాత్రం చెప్పొద్దు."

మర్నాడు రాహేలు రాసిచ్చింది. డిసెంబరు ఒకటి నుంచి సెలవు, కాన్పయిన ఆరు వారాలకు పనిలోకి. బుచ్చిబాబు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "చూద్దాంలే అమ్మా" అన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

మూడో రోజు మేకుకు చీటీ ఉంది. ఒక లేబొరేటరీ లెటర్‌హెడ్డుకూ ఒక నామకరణం కార్డుకూ మధ్యన గుచ్చి ఉంది. రాహేలు వరసలో తీసుకుంది. బుచ్చిబాబు చేతిరాత, పైన "నోటీసు, అచ్చుకు" అని ఉంది.

"కంపోజిటర్ రాహేలు కాన్పు నిమిత్తం పనికి రాలేనని తెలిపినందున, డిసెంబరు 1 నుంచి ఆమెను పని నుంచి తొలగించడమైనది."

ఆ ప్రెస్సులో తెలుగు నోటీసులన్నీ కంపోజ్ చేసేది ఆమే. ఓనరు చేయి అలవాటు కొద్దీ మేకు దగ్గరికి పోయింది, ఆమెకు మొహం మీద చెప్పక్కర్లేదన్న ఊరట తోడైంది. అవతల ఎవరు తీస్తారో ఆలోచించలేదు. వీరస్వామి ఆమె భుజం మీదుగా చదివి చెయ్యి చాచాడు.

"ఇటియ్యి. నేను చించేస్త."

"వద్దన్నా. పని వచ్చింది, చేస్త."

ఆమె కంపోజ్ చేసింది. ఒక్క మాట మార్చలేదు. ఏ పనికైనా పెట్టినట్టే అడుగున ప్రెస్సు పేరు, ఊరు, తేదీ పెట్టింది. ప్రూఫు తీసి ఆ రోజు ప్రూఫులన్నిటితో కలిపి ఓనరు గదికి పంపింది. ఆ ప్రెస్సులో గట్టి నియమం ఒకటి ఉంది. పని ఇచ్చినవాడు "ప్రింట్ చేయవచ్చు" అని రాసి సంతకం చేయనిదే ఏదీ మిషన్ ఎక్కదు. శుభలేఖ గొడవ తర్వాత బుచ్చిబాబే పెట్టిన నియమం. ఆయన అన్నిటి మీదా రాశాడు, అన్నిటి మీదా సంతకం పెట్టాడు. సాయంత్రం రాహేలు తనకు సంబంధించిన ప్రూఫు మడిచి రవికెలో పెట్టుకుంది. పొద్దున్నే సిటీ బస్సెక్కి లేబర్ ఆఫీసుకు పోయింది.

అక్కడ రెండు రోజులు తిప్పారు. మూడో రోజు ఇన్‌స్పెక్టరు బిక్షపతి ఆ కాగితం చూశాడు. చట్టం ఉల్లంఘించిన యజమాని అచ్చు వేయించి, చదివి, సంతకం పెట్టి ఇచ్చిన సాక్ష్యం తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆ వారమే ప్రెస్సుకు వచ్చాడు.

ఆయన సైకిలు సందు మలుపు తిరగ్గానే అలవాటు ప్రకారం బైండింగు ఆడవాళ్లు ముగ్గురూ గోదాంలోకి పోయారు.

"ఈ సంతకం మీదేనా?" అన్నాడు బిక్షపతి.

బుచ్చిబాబు కాగితం వంక, రాహేలు వంక, మేకు వంక చూశాడు. "నాదే. కానీ సార్, ఆ చట్టం ఫ్యాక్టరీలకి కదా. మాది చిన్న దుకాణం. పనివాళ్లు తొమ్మిది మందే. రిజిస్టరు చూడండి."

ఇన్‌స్పెక్టరు రిజిస్టరు చూశాడు, మనుషుల్ని లెక్కపెట్టాడు. తొమ్మిదే. "ఇంకెవరైనా పనిచేస్తారా ఇక్కడ?" అని అందర్నీ కలిపి అడిగాడు.

వీరస్వామి తన కేసు వైపు తిరిగి అక్షరాలు సర్దడం మొదలుపెట్టాడు. రాహేలుకు నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు, గోదాం తలుపు పది అడుగుల దూరంలో ఉంది. మాట మింగేసింది. ఉప్పలమ్మకు ముగ్గురు పిల్లలు.

"లేరు సార్" అన్నాడు బుచ్చిబాబు.

గోదాం తలుపు కిర్రుమంది. ఉప్పలమ్మ బయటికొచ్చింది. తలకు కాగితం ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"ఉన్న సార్" అన్నది. "పద్నాలుగేండ్ల సంది ఉన్న. ఇగో సూడుర్రి, చేతికి జిగురు ఆరనే లేదు. ఇన్నేండ్లల్ల నువ్వు ఎన్నిసార్లొచ్చినవ్, నీ సైకిల్ గంట యినంగనే ఎన్నిసార్లు ఆ రీముల మీద కూసున్ననో నాకే యాదికి లేదు. రాసుకో. ఉప్పలమ్మ. పది."

బిక్షపతి కలం తీశాడు.

"బుచ్చిబాబు సారు, కోపం జెయ్యకుర్రి" అని ఆమె ఓనరు వైపు తిరిగింది. "నీ ఉప్పు తిన్న, కాదన. కని రిజిస్టరుల నా పేరు ఉప్పలమ్మ అని ఉండాలె గద, నేను రీమును కాదు గద." వెనక్కి తిరిగి కేకేసింది. "రండే, ఇంకా ఏం కూసున్నరు? గుడ్ల మీద కోళ్లు కూసున్నట్టు!"

మిగతా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. పన్నెండు.

బుచ్చిబాబు మీద కోర్టు కేసు పడలేదు. వారంలోగా తొలగింపు రద్దు చేసుకోవాలని, చట్టం ప్రకారం సెలవూ జీతమూ ఇవ్వాలని, బైండింగు ఆడవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని ఇన్‌స్పెక్టరు రాసిచ్చి పోయాడు. బుచ్చిబాబు అన్నీ చేశాడు. జనవరి పదమూడున రాహేలుకు ఆడపిల్ల పుట్టింది.

ఫిబ్రవరి చివరి సోమవారం ఆమె ప్రెస్సుకు వచ్చింది. పిల్లను దానయ్య పినతల్లి లచ్చమ్మ పట్టుకుని బయట అరుగు మీద కూర్చుంది. లోపల రాహేలు కేసు దగ్గర కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. సెలవు రోజుల కోసం పెట్టుకున్నవాడు. బుచ్చిబాబు రాహేలును గదిలోకి పిలిచాడు. ఈసారి పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు, అది కొత్త. ఒక కాగితం ముందుకు జరిపాడు.

"సంతకం పెట్టి పనిలోకి పో అమ్మా. ఊరికే, ఆఫీసు పద్ధతి."

కాగితం మీద ఇలా ఉంది: "యాజమాన్యం వారు దయతో నన్ను తిరిగి పనిలోకి తీసుకొన్నారు. ఇందుకు వారికి కృతజ్ఞురాలను."

రాహేలు చదివింది. ఆయన బల్ల మీది ఎర్ర పెన్సిలు తీసుకుంది. "దయతో" మీద అడ్డంగా గీత కొట్టి, అంచున తీసేయమన్న గుర్తు పెట్టింది. "తిరిగి" మీద ఇంకో గీత. రెండో వాక్యం మొత్తం మీద పొడుగాటి గీత.

"ఏంటమ్మా ఇది? రెండు మాటలు. వాటితో నీకేం పోయింది?"

"తిరిగి అంటే పొయిన మనిషి సార్. నేను యాడికి పోలె. సెలవుల ఉంటి."

"మరి దయ?"

"అది సర్కారోళ్ల కాగితంల యాడ లేదు సార్. నేనే పేర్చిన, నాకెర్క."

బుచ్చిబాబు ఆ ఎర్ర గీతల్ని చూశాడు. తర్వాత కాగితాన్ని రెండుగా చించి చెత్తబుట్టలో వేశాడు. "పో, పో. సిద్ధాంత వ్యాసం ఒకటి వారం నుంచి పడుంది" అన్నాడు విసుగ్గా.

ఆమె కంపోజింగ్ గదిలోకి పోయింది. "జరుగు తమ్మీ" అన్నది. కొత్త మనిషి వీరస్వామి వైపు చూశాడు. వీరస్వామి తల ఊపాడు. అతను జరిగాడు.

ఆ పూట సిద్ధాంత వ్యాసం ముందుకు సాగలేదు. ఆ మనిషి మూడు నెలల్లో ఒత్తులన్నీ ఒకే గడిలో కలిపి పోశాడు. రాహేలు వాటిని ఒక్కొక్కటే ఏరి వాటి వాటి చోట వేస్తూ, మధ్యలో రెండుసార్లు అరుగు మీదికి పోయి పిల్లకు పాలిచ్చి వస్తూ, మధ్యాహ్నం దాకా అతన్ని తిడుతూనే ఉంది.