జాబితాలో లేని నలభై ఒక్క పుస్తకాలు

2004లో కౌముది రోజూ రెండు రైళ్లు ఎక్కేది. రేపల్లె నుంచి తెనాలికి ఒకటి, అక్కడి నుంచి బాపట్లకు ఇంకొకటి. బాపట్లలో ఒక కాలేజీలో టైపిస్టుగా చేరి, ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకుని, లైబ్రరీ పుస్తకాల జాబితాను కాలేజీ వెబ్ సర్వర్‌లో పెట్టింది. పాత కార్డుల బీరువా స్టోర్ గదికి వెళ్లిపోయింది.

ఒకరోజు లైబ్రేరియన్ బసవేశ్వరరావు ఒక చీటీతో వచ్చాడు. అందులో నలభై ఒక్క పేర్లు.

"ఈ పుస్తకాలు లైబ్రరీ బీరువాల్లోనే ఉన్నాయమ్మా. నీ కంప్యూటర్‌లో మాత్రం లేవు. పిల్లలు లేవనే అనుకుంటున్నారు."

కౌముది ఆ చీటీ పక్కన పెట్టుకుని వెతకడం మొదలుపెట్టింది. ప్రోగ్రామును విడిగా నడిపితే ఏదో వివరం ఖాళీగా ఉందని హెచ్చరిక వస్తోంది. సర్వర్‌లో నడిపితే, అది తన తప్పులు రాసుకునే లాగ్ ఫైలులో ఒక్క మాట లేదు. ఏ పుస్తకం జారిపోతోందో రాసిపెట్టమని, జాబితాను చూపించే మాడ్యూల్ అనే ప్రోగ్రాము ఫైలులో ఒక వరుస చేర్చింది. ఆ మార్పు సర్వర్‌కు అందిందో లేదో తెలియడానికి పేజీ పైన ఒక చుక్క కూడా పెట్టింది. ఒకసారి తెరిస్తే చుక్క ఉంది, మళ్లీ తెరిస్తే లేదు. వారం రోజులు అంతే. తాను చూసింది నిజమో కాదో ఆమెకే తెలియకుండా పోయింది.

శుక్రవారం ఉదయం వేమూరు దాటాక రైలు మంచులో మెల్లగా పోతోంది. కిటికీ అవతల చేలు కరిగిపోయినట్టున్నాయి. ఎదుటి సీటులో సీతారావమ్మ అనే పెద్దావిడ స్తోత్రం చదువుకుంటోంది. పుస్తకం ఒళ్లో మూసే ఉంది. సగం నిద్రలో వింటున్న కౌముది మెల్లగా అడిగింది.

"పుస్తకం చూడరా పిన్నిగారూ?"

"చిన్నప్పుడే నోటికొచ్చిందమ్మా. ఇక చూడ్డం దేనికీ?"

కౌముది చాలాసేపు ఆ మూసిన పుస్తకాన్నే చూస్తూ కూర్చుంది. ఈ పుస్తకంలో ఇప్పుడు ఎవరైనా ఒక వరుస మార్చినా ఆవిడ నోట పాతదే వస్తుంది. సర్వర్‌లో ఒకే పని చేసే ప్రక్రియలు అరడజను ఉంటాయి. ఒక్కోటీ తాను మొదలైనప్పుడు చదివిన మాడ్యూల్‌నే గుర్తుంచుకుని, మళ్లీ ఫైలు ముఖం చూడదు. మార్పు తర్వాత మొదలైనది పేజీ ఇస్తే చుక్క ఉంటుంది, ముందు మొదలైనది ఇస్తే ఉండదు.

బాపట్లలో దిగగానే కాలేజీకి వెళ్లి, మాడ్యూల్ మారితే మళ్లీ చదవమని సర్వర్ అమరికలో రాసింది. అక్కడే ఇంకొకటి కనబడింది. విడిగా నడిపేటప్పుడు తాను హెచ్చరికలు అడుగుతోంది, సర్వర్‌ని ఎవరూ అడగలేదు. అదీ రాసి సర్వర్‌ను ఒకసారి ఆపి మొదలుపెట్టింది. లాగ్ ఫైలు వరుసలతో నిండిపోయింది. జారిపోయినవి సరిగ్గా నలభై ఒకటి. అన్నిటికీ అచ్చయిన సంవత్సరం ఖాళీ.

బసవేశ్వరరావును పిలిచింది. ఎవరో ఊళ్లవాళ్లు ఇచ్చిన పాత పుస్తకాలనీ, మొదటి పేజీలు చినిగిపోయాయనీ ఆయన చెప్పాడు. సంవత్సరం లేని పుస్తకాన్ని వదిలెయ్యమని ప్రోగ్రాములో తానే రాసిన సంగతి కౌముది ఒప్పుకుంది.

"సంవత్సరం దగ్గర ఏం రాయమంటారండి?"

"తెలియదని రాయమ్మా. అందులో తప్పేముంది?"

రాసింది. పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, వాటిని గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది.